గురువుగారి బాక్టీరియా

“కనిపెట్టిన జీవికి మన పేరు మనమే పెట్టుకోకూడదమ్మా, పద్ధతి కాదు. శిష్యులెవరైనా ముచ్చటపడి పెడితే మాత్రం కాదనలేం కదా!” అన్నారు ప్రొఫెసరుగారు, ఎటో చూస్తూ.

సముద్రతీరంలో మోకాటిలోతు బురదలో దిగి, ఆ కొత్త బాక్టీరియాను పట్టుకొచ్చింది ఆయన శిష్యురాలు. ఆ పూట ఆయన కూడా చాలా కష్టపడ్డారు, కారులో ఏసీ వేసుకుని మరీ.

“మీ పేరే పెట్టాను సార్.”

“అయ్యో, నాకెందుకమ్మా ఇవన్నీ!” ఆయన మొహం వెలిగిపోయింది. “సరే, దాని లక్షణాలు చదువు.”

“తనంతట తాను కదలదు. పక్క బాక్టీరియాలు తయారుచేసిందే తిని బతుకుతుంది. వెలుతురు పడితే మాత్రం తెగ మెరుస్తుంది.”

ఆయన నవ్వు కాస్త తగ్గింది. “ఇది లేకపోతే ఆ పక్కవాటికి కష్టమేమో! చూశావా?”

“తీసేసి చూశాను సార్. అవి రెట్టింపు హుషారుగా పెరిగాయి.”

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“పోనీ... ఆ తీరం పేరే పెట్టమ్మా.”

“అలాగే సార్. దీని మీద రాసిన పరిశోధన వ్యాసంలో మొదటి పేరు మీదే వెయ్యమన్నారు కదా?”

ఆయన ఆమె చేతిలోని కాగితాల వైపు చూశారు. “ఇంకా లక్షణాలేమైనా మిగిలాయా?”

“రెండు పేజీలున్నాయి సార్. చదవనా?”

“వద్దులే. నీ పేరే వెయ్యి.”