బొగ్గుకి పెట్టిందెవరు?

“ఏం పెట్టారమ్మా దీనికి?” అంది పశువుల డాక్టరు, చేతి తొడుగులు తీసేస్తూ.

“రోజూ పెట్టే అన్నమేనండీ.”

బల్ల మీద బొగ్గు వణుకుతోంది. ఒళ్లంతా నలుపని కుక్కకి ఆ పేరు. కంటిపాపలు పెద్దవైపోయాయి. లేని ఈగల్ని పట్టుకోబోతున్నట్టు గాల్లోకి నోరు తెరుస్తోంది.

“కక్కినదాంట్లో జాజికాయ వాసన ఉంది. పసుపో జీలకర్రో చిటికెడు తగిలితే కుక్కలకేం కాదు. ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి మంచివి కావు. జాజికాయ అయితే ఇదిగో, ఇలా పిచ్చెక్కిస్తుంది. మోతాదు మించితే ప్రాణం మీదకొస్తుంది. బతుకుతుందిలే, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి. కానీ ఎవరో గట్టిగానే పెట్టారు.”

ఎవరో బొగ్గుని తెచ్చినామెకి తెలుసు.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఆయా ఫోన్ చేస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. భర్త లారీతో ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఇంట్లో ఉండేది అత్తయ్య, రెండేళ్ల పాప, పగలు పాపని చూసుకునే ఆయా. పోయిన వారం బొగ్గు అత్తయ్య కొత్త చెప్పు కొరికేసింది. “ఈ ఇంట్లో ఉంటే అదుండాలి, లేదా నేనుండాలి” అని అత్తయ్య ఆ రోజే తేల్చేసింది.

ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ కిందికి లాగింది. నాలుగు జాజికాయలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది.

“అత్తయ్యా!”

“అరవకు. పాప పడుకుంది.”

“మూడు కాయలు ఏమయ్యాయి?”

“నాకేం తెలుసు? నేను ముట్టుకుని ఏడాదైంది.”

“నోరులేని దాని మీదా మీ కక్ష? చెప్పు కొరికితే చంపేస్తారా?”

అత్తయ్య దిగ్గున లేచింది. “నోరు జారకు. నీ కుక్కని వదిలించుకోవాలంటే వీధి తలుపు తీసేస్తే పోయేది. ఈ కీళ్లనొప్పుల చేతులతో కూర్చుని జాజికాయ తురుముతానా?”

“అదుంటే నేనుండనన్నారుగా! అదే ఉంటుంది. మీరే మీ కూతురింటికి బయల్దేరండి.”

అత్తయ్య గదిలోకి వెళ్లి, బట్టలు సంచిలో కుక్కుకోసాగింది. మడత కూడా పెట్టడంలేదు.

కోడలి కోపం మాత్రం తగ్గలేదు. విసురుగా గది గుమ్మం దాకా వెళ్లింది. “మీ అబ్బాయికి నేనే చెప్తాను. చేసిన ఘనకార్యం ఆయనా వినాలిగా!”

“చెప్పుకో” అంది అత్తయ్య గోడ వైపు తిరిగి. “కుక్కపాటి నమ్మకం కూడా లేకపోయింది నా మీద.”

వెనక నుంచి వెక్కిళ్లు వినిపించాయి. ఆయా గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

“పెద్దమ్మగారిని పంపకండమ్మా.”

“నువ్వు మధ్యలోకి రాకు. నిన్నెవరూ ఏమీ అనలేదు. నువ్వొచ్చిన నెల నుంచే నా బిడ్డ కిక్కురుమనకుండా పడుకుంటోంది. నీ చేతి చలవ అది. ఈవిడ సంగతి నీకు తెలీదు.”

ఆయా ఇంకా గట్టిగా ఏడ్చింది. “కుక్కకి ఎవరూ పెట్టలేదమ్మా.”

“మరి అదే డబ్బా దించుకుని, తురుముకుని తిందా?”

ఆయా నేలచూపులు చూస్తూ అంది:

“ఇవాళ పాప తాగకుండా వదిలేసిన పాలు, అది తాగేసిందమ్మా.”