పిలిచేదాకా కూర్చోండి

కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపితే సర్క్యూట్ బోర్డు మీద నీలం దీపం మినుకుమినుకుమంటోంది. కేబుల్ పీకి బ్యాటరీ తగిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అక్కా, నా పని అయిపోయింది," అని తల పట్టుకున్నాడు ఇంజనీరు.

"నాలుగింటికి మీ మామగారొస్తారు. తల అప్పుడు పట్టుకుందువుగాని. ముందు ఆ వైర్లు తియ్యి," అంది అక్క చీపురు అందుకుంటూ.

నిజానికి ఆయన ఇంకా మామగారు కాలేదు. కావాలంటే ఈ బోర్డు బ్యాటరీతో పనిచేయాలి.

ఆయనకు మొక్కల నర్సరీ ఉంది. షెడ్డులో వేడి ఎంతుందో వైరు లేకుండా ఫోనుకు చెప్పే యంత్రం చేశానని ఇతగాడు తను మనసుపడ్డ ఆయన కూతురి దగ్గర గొప్పలు పోయాడు. ఆమె వెళ్లి తండ్రి చెవిన వేసింది.

"కళ్లారా చూశాకే పెళ్లి మాట," అని కబురంపాడాయన.

ఆయన ముఖం ఇతనికి ఫొటోలోనే తెలుసు. అందులో కనిపించేదంతా బుర్రమీసాలే.

బ్యాటరీ మార్చాడు. మీటరు పెట్టి చూశాడు. ఛార్జి నిండుగా ఉంది. ప్లస్సూ మైనస్సూ సరిగ్గానే ఉన్నాయి.

"దీనికి ల్యాప్‌టాప్ అంటే అంత ప్రేమేమిట్రా?" అంది అక్క.

అంతలో తలుపు తోసుకుని ఓ పెద్దాయన వచ్చాడు. మూతీ చెంపలూ కలిపి మఫ్లర్ చుట్టుకున్నాడు. ఒక బుగ్గ బంతిలా వాచింది.

"ఊ... ఊ..." అన్నాడు.

పక్క గది పళ్ల డాక్టరుది. అక్కడ కుర్చీలు నిండితే పేషెంట్లు వచ్చి వీళ్ల బెంచీ మీద కూర్చోవడం మామూలే.

"కూర్చోండి బాబాయ్ గారూ, పిలుస్తారు," అంది అక్క.

ఆయన ఇంకేదో అనబోయి, పోటు ఎక్కువైందేమో, చెంప పట్టుకుని కూలబడ్డాడు.

"ఖాళీగానే ఉన్నారుగా, ఈ బ్యాటరీ కాస్త పట్టుకోండి," అన్నాడు ఇంజనీరు.

పాపం, పట్టుకున్నాడు.

"అబ్బా, కదపకండి!"

"ఊ."

"మీ ఊతో చచ్చిపోతున్నానండీ!"

బోర్డు మాత్రం మొండికేసింది. ఇంజనీరు విసుగంతా పెద్దాయన మీదికి మళ్లింది.

"ఇందాకటి నుంచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారేంటండీ? లేచి లోపలికి వెళ్లొచ్చుగా?"

పెద్దాయన మఫ్లర్‌లోంచి ముక్కుతూ మూలుగుతూ కూడబలుక్కున్నాడు.

"పిలుస్తా... రన్నారుగా. పిలవలేదు."

ఇంజనీరు చటుక్కున బోర్డు వైపు తిరిగాడు.

"అక్కా! ఇదీ అంతే! పిలుపు కోసం కూర్చుంది!"

"ఎవరి పిలుపురా?"

"ల్యాప్‌టాప్ పిలుపు! పరీక్ష చేసుకోవడానికని ప్రోగ్రాంలో నేనే రాశాను, ల్యాప్‌టాప్ పలకరించేదాకా ఏ పనీ మొదలుపెట్టకు అని. కేబుల్ పీకేస్తే ఇక దీన్ని పలకరించేదెవరు?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది అక్క.

ఆ లైను చెరిపేసి, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, కేబుల్ పీకి బ్యాటరీ తగిలించాడు. నీలం దీపం మినుకుమంది. గదిలో వేడి ఎంతో ఫోనులో పడింది.

ఇంజనీరు ఎగిరి గంతేసి పెద్దాయనను వాటేసుకున్నాడు. ఆయన ఫోనులోకి తొంగిచూసి, తల పంకించి, అతని భుజం తట్టాడు. తన గుండె మీద వేలు పెట్టుకుని మళ్లీ "ఊ... ఊ..." అన్నాడు.

"ఉండండి, మా మామగారొచ్చే వేళైంది. బెంచీ ఖాళీ చేయాలి," అని ఇంజనీరు ఒక రెక్క, అక్క ఇంకో రెక్క పట్టుకుని ఆయనను నేరుగా డాక్టరు గదిలో దిగబెట్టారు.

"పాపం, చాలాసేపటి నుంచి కూర్చున్నారు. ముందు ఈయనది పీకెయ్యండి," అని అక్క సిఫారసు కూడా చేసింది.

నాలుగు దాటింది. మామగారి జాడ లేదు.

ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"నాన్న వచ్చారా? పొద్దుటి నుంచి ఒకటే పన్నుపోటు. రేపు వెళ్లొచ్చుగా అంటే వింటేగా! 'మాటిచ్చాను, అబ్బాయి ఎదురుచూస్తుంటాడు' అంటూ మఫ్లర్ చుట్టుకుని మరీ బయల్దేరారు."

ఇంజనీరు అక్క వైపు చూశాడు. అక్క ఖాళీ బెంచీ వైపు చూసింది.

అప్పుడే గోడ అవతల నుంచి "అమ్మో!" అని గావుకేక వినిపించింది. కాబోయే మామగారి గొంతు అతను స్పష్టంగా వినడం అదే మొదటిసారి.