మూడు వేలు దాటకూడదు

“మూడు వేలు దాటిందంటే సంపేత్తాను!”

వెనక నుంచి బెన్సన్ అరిచిన అరుపుకి స్టీరింగ్ పట్టుకున్న మనిషి సీట్లోంచి ఎగిరిపడ్డాడు. కారు మధురవాడ సర్వీసు రోడ్డు మీద అటూ ఇటూ ఊగి, కొబ్బరిబొండాల బండిని బెత్తెడులో తప్పించుకుంది.

“ఆ... ఆపీసి దిగిపోతానన్నా,” అన్నాడతను.

“ఆపితే మరీ సంపేత్తాను. కాలు మెల్లగా తియ్యి. ఇంజన్ చుట్ల మీటర్లో మూడు వేల కాడ ఎర్ర గీత గీసాను, కనపడతందా? ముల్లు అది దాటకూడదు. హైవే ఎక్కు.”

బెన్సన్ సీటు మీంచి దూకి ముందుకొచ్చి కూర్చున్నాడు. చేతిలో మూరెడు పానా ఉంది. ఆ మనిషి దానివైపు ఒకసారి చూసి, కారు హైవే వైపు తిప్పాడు.

కారు సత్యశ్రీది. వారమంతా ఐటీ ఉద్యోగం, ఆదివారం కార్ల రేసులు. ఆ ఇంజన్‌ను బెన్సన్ మూడు వారాలు విప్పి, కొత్త పిస్టన్లూ కొత్త రింగులూ వేసి బిగించాడు. అలా బిగించడం ఇది రెండోసారి. మొదటిసారి సత్యశ్రీ తమ్ముడు మొదటి రోజే బీచ్ రోడ్డులో ముల్లుని ఏడు వేలు దాటించి, కారుని పొగగొట్టం చేసి తెచ్చాడు. తప్పు వాడిది, చెడ్డపేరు బెన్సన్‌ది. ఈసారీ పాడైతే షెడ్డుకి తాళం వేసి, బావమరిదితో కలిసి చేపలు అమ్ముకుంటానని పెళ్లాం రోజలిన్‌కి మాటిచ్చేశాడు. బెన్సన్‌కి చేపల వాసన పడదు.

“కొత్త సెప్పులేసుకుని పరిగెడితే ఏటవుద్ది?” అడిగాడు.

“కరుత్తాయన్నా.”

“ఇంజనూ అంతే. మొదటి వంద కిలోమీటర్లే దాని పేణం. ఒకే స్పీడులో పోకూడదు. కొంచెం తొక్కు, ఒగ్గీ. మళ్లీ తొక్కు, ఒగ్గీ. అప్పుడు రింగులు కుదురుకుంటాయి.”

అలా తొక్కుతూ వదులుతూ ఎన్ఏడీ జంక్షన్ దాటారు. ఆటోలు దాటేసి పోయాయి. గాజువాకలో బైకు మీది కాలేజీ పిల్లలు కిటికీ దగ్గరికొచ్చి, “అంకుల్, తొయ్యమంటారా?” అని నవ్వారు. బెన్సన్ పానా చూపించాడు. బైకు మాయమైంది.

“అన్నా, నీకు దండం పెడతాను. నన్ను ఒగ్గీ,” అని బతిమాలాడు ఆ మనిషి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“వంద అవ్వనీ. సెకండ్ గేర్లో గోల సేత్తన్నావ్, థర్డ్ వెయ్యి.”

కూర్మన్నపాలెం జంక్షన్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి కారాపాడు. ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తేశాడు.

“సార్, నాకేటీ తెలీదు సార్!”

“ఇంజన్ ఆపకు!” అని బెన్సన్ కసిరి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. “కొత్త ఇంజన్ సార్. మెల్లగా తిప్పుతన్నాం.”

“తిప్పితే తిప్పండి, ఎడం పక్కన పోండి. వెనక బస్సులు ఆగిపోయాయి,” అని విసుక్కుని కానిస్టేబుల్ వదిలేశాడు.

ఆ మనిషి చేతులు దించడానికి చాలాసేపు పట్టింది.

అచ్యుతాపురం చేరేసరికి బెన్సన్ ఒళ్లో, వెనక సీట్లోంచి తీసి వైరుతో కారుకి తగిలించిన లాప్‌టాప్ తెరుచుకుంది. ఇంజన్ వేడి, ఆయిలు, గాలి అన్నీ అంకెలై పరిగెడుతున్నాయి. చూసినకొద్దీ బెన్సన్ కనుబొమలు పైకి లేచాయి. ఒక్కసారైనా ముల్లు గీత దాటలేదు. తిరుగుదారిలో లంకెలపాలెం దగ్గర తను చెప్పకముందే అతను కాలు తీశాడు. ఇంజన్ శబ్దం విని తీశాడు!

ఇంతసేపూ పేరైనా అడగలేదని బెన్సన్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

“పేరేటి?”

“గురునాథరావన్నా. ఇక్కడే ఒక కంపెనీలో స్టాఫ్ వేన్ తోలేవోణ్ని. ఆర్నెల్లయింది తీసీసి.” ఇంజన్ వైపు చెవి ఒగ్గి అన్నాడు. “ఇప్పుడు గొంతు మారింది గదన్నా, దీనికి? బయల్దేరినప్పుడు గరగరలాడింది.”

బెన్సన్ లాప్‌టాప్ మూసి, మొదటిసారి నవ్వాడు. “మారింది.”

సాయంత్రానికి షెడ్డు ముందు కారాగింది. గేటు దగ్గర సత్యశ్రీ అటూ ఇటూ తిరుగుతోంది. లోపల బల్ల మీద బెన్సన్ ఫోను మోగి మోగి అలసిపోయి ఉంది.

“చెప్పకుండా వెళ్లిపోయావేంటన్నా? మళ్లీ మా తమ్ముడే తీసుకెళ్లాడనుకుని వాణ్ని వాయించేశాను!”

బెన్సన్ బానెట్ ఎత్తాడు. ఆమె వంగి చూసింది. ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టింది. చేతికి మసి అంటలేదు. కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు విన్నది. ముఖం వెలిగిపోయింది.

గురునాథరావు ఇంజన్ ఆపి, తాళాలు సీటు మీద పెట్టి గేటు వైపు ఒక్కో అడుగూ జరుగుతున్నాడు.

“ఎక్కడికి? వంద కిలోమీటర్లు గీత దాటకుండా తోలావు. ఇంకా నాలుగొందల కిలోమీటర్లు ఇలాగే తిప్పాల. రేపు తొమ్మిదింటికొచ్చీ. ఈ నెల నుంచి జీతం,” అన్నాడు బెన్సన్.

గురునాథరావు గేటు పట్టుకుని ఆగిపోయాడు.

“వంద కిలోమీటర్లు గీత దాటకుండా నడిపాడా? మా ఇంట్లో ఒక్కరికీ లేదు ఇంత ఓపిక,” అంది సత్యశ్రీ. “ఇంత బుద్ధిమంతుడు నీకెక్కడ దొరికాడన్నా?”

“ఇక్కడే దొరికాడమ్మా, మజ్జానం నాను ఎనక సీట్లో తొంగున్నానని సూసుకోకుండా నీ కారు దొంగతనం సేసి ఎత్తుకుపోతంటే!”