కంది చేలో తెల్ల గుడ్లు

తీతువు గూడు ఎక్కడ కడుతుందో చెప్పండి చూద్దాం? చెట్టు మీదా? కాదు. అసలు కట్టనే కట్టదు. నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టేస్తుంది.

నగరానికి దగ్గర్లో, ఒక కంది చేలో ఒక తీతువు అలాగే గుడ్లు పెట్టింది. ఒక పొద్దున చూస్తే చేనంతా వరసగా తెల్లరాళ్లు. అవీ గుడ్లే అనుకుంది.

"ఎంతెంత గుడ్లో! కన్నతల్లి మాత్రం ఒక్కరోజూ తొంగి చూడదు," అంది కుందేలుతో.

"అవి హద్దురాళ్లు వదినా. ఇక్కడ ఇళ్లు లేస్తాయట. నేను పోతున్నా, నువ్వూ వచ్చెయ్."

"నా గుడ్లకి కాళ్లున్నాయా, వెంట నడవడానికి? పైగా తల్లి లేని వీటినెవరు చూస్తారు?"

కుందేలు వెళ్లిపోయింది. తీతువు తన గుడ్లతో పాటు తెల్ల గుడ్లకీ కాపలా కాసింది. దగ్గరికొచ్చిన కుక్కనల్లా అరిచి తరిమింది.

తన పిల్లలు ఎగిరిపోయాక, మళ్లీ గుడ్లు పెట్టే వేళకి నేల లేదు. రాళ్లున్న చోటల్లా ఇళ్లు లేచాయి. చూడ్డానికొచ్చిన కుందేలు, "చెప్పానా? ఇప్పుడెక్కడ పెడతావు?" అంది.

తీతువు ఇళ్లని తేరిపార చూసింది. "గుడ్లన్నీ బాగానే పిల్లలయ్యాయి. పిల్లలే కాస్త పెద్దవి," అంటూ ఎగిరి ఒక మేడ మీద, మిగిలిన కంకర పోసిన మూలలో వాలింది. "కాపలా కాసినదాన్ని. వీపు మీద ఇంత చోటివ్వవూ?" అని ఆ మేడనే అడిగింది.

"ఇచ్చిందా నానమ్మా?"

వడియాల పిండి ఇంకా సగముంది, మేడ మీద పెట్టొస్తాను. మీరు మాత్రం ఆ కంకర మూలకి రాకండి. నెత్తిన పొడుస్తుంది.