పంటితో తెంచిన దారం

పెళ్లికొడుకు తన తాతగారి ఫోటో తెచ్చి, అచ్చం అలాంటి పాతకాలపు సూటే కుట్టాలన్నాడు. ఆ పనితనం మా నాన్నది. ఆయనేమో పోయాడు.

కోటుకు కుడి చెయ్యి ఎంతకీ కుదరలేదు. విసుగొచ్చి ఊడదీసి, దుకాణంలోనే కునుకు తీశాను.

లేచేసరికి చీకటి పడింది. వీధిలో అలికిడి లేదు. లోపల వేసిన గడియ వేసినట్టే ఉంది. కోటుకు కుడి చెయ్యి ఎక్కించి ఉంది, ఒక్క ముడత లేకుండా.

దారం కొస కత్తిరించినట్టు లేదు. నాన్న ఎప్పుడూ పంటితోనే తెంచేవాడు. "కత్తెర ఉంది కదా నాన్నా!" అని కసిరితే, "పళ్లున్నన్నాళ్లూ కత్తెరెందుకురా?" అని నవ్వేవాడు.

కొస ముట్టుకున్నాను. తడిగా ఉంది.

చక్కగా కుదిరిన ఎడమ చెయ్యి కూడా ఊడదీశాను. లైటార్పి, కళ్లు మూసుకున్నాను.