మోతీకి గొలుసు

కుక్క మెడకు గొలుసు లేకపోతే లోపలికి రానివ్వమని నాంపల్లి పార్కు గేటుకు బోర్డు తగిలించారు. పొద్దున్నే కుక్కలతో నడిచే మేమంతా దాని కింద బైఠాయించాం. వారం తిరిగేసరికి అందరూ గొలుసులు కొన్నారు. నేను కొనలేదు.

ఈ ఉదయం, ఆ ధర్నాలో ముందు నిలబడిన విజయేందరే ఒక గొలుసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“అబిడ్స్‌ల తీసుకున్న అన్నా. జర వెయ్యి.”

“నువ్వే గదా వద్దన్నది.”

“లీడర్‌ను గదా, ముందుగాల నేనే కట్టిన.” అతను నవ్వాడు. “మన మోతీ ముసలిదైంది. ఇడిచినా ఉరకదు. కడితే ఏంది?”

నిజమే. మోతీ నా కాలిని ఆనుకునే నడుస్తుంది.

“కమల వదినె రోజూ నడిచిన తోవ. ఒక్క గొలుసు కోసం ఇడిచిపెడ్తవా? చదువుకున్నోడివి, గిదేం జిద్దు?”

గొలుసు తిరిగి ఇచ్చేశాను. మోతీ, నేను గేటు దగ్గరి నుంచే మొజంజాహీ మార్కెట్ వైపు మళ్లాం.

కమల పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్ల కోరిక తీరుస్తామని మాటిస్తేనే కాకి ముద్ద ముడుతుందంటారు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కాకి గోడ మీద వాలింది, కిందికి దిగలేదు. ఇల్లు అమ్మనన్నాను. ఆమె తమ్ముణ్ణి చూసుకుంటానన్నాను. దిగలేదు. బంధువులంతా ఎండలో నిలబడి ఉన్నారు.

మోతీని ఎప్పుడూ కట్టెయ్యనన్నాను.

కాకి దిగి తిన్నది.