హేరోదు తల్లి

“ఆ ఒక్క మాటా తీసీ, దానమ్మక్కా. మిగతాది ఎంత సెప్పమంటే అంత సెప్తాను,” అన్నాడు గంగులు తెర వెనక నిలబడి, జారిపోతున్న కిరీటాన్ని చేత్తో పట్టుకుని.

ఆ ఒక్క మాటా ఏమిటంటే, బేత్లెహేములో ఉన్న మగపిల్లలందర్నీ చంపేయమని హేరోదు రాజు సైనికులకిచ్చే ఆజ్ఞ. క్రిస్మస్ నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ సండేస్కూలు టీచరు దానమ్మే. ఆవిడ ససేమిరా అంది. రాజు చంపమనకపోతే యోసేపు, మరియ పిల్లాణ్ణెత్తుకుని ఐగుప్తుకి ఎందుకు పారిపోతారనీ, వాళ్లు పారిపోకపోతే చివరి రంగంలో తాను ఎవరిని నడిపించాలనీ నిలదీసింది.

గంగులు చర్చి మనిషి కాదు. గంగమ్మకి మొక్కి సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. కానీ చర్చిలో ఎవరికీ అంత మీసం లేదు. మైకు పోయినా అవతలి పడవకి వినబడే గొంతు అసలే లేదు. అందుకని దానమ్మ ఏరికోరి తెచ్చుకుంది. రాజు వేషమనగానే ఇతగాడు మురిసిపోయాడు. ఆ రాజుగారి ఘనకార్యం తెలిశాక మాత్రం తల్లికి చెప్పే ధైర్యం లేకపోయింది.

తల్లి లక్ష్మణమ్మ ఊరుకునే రకమా? చేపలమ్మే ఆడవాళ్లందరికీ ‘మావోడు రాజు’ అని చాటేసింది. కోడలు అనితనీ, మనవరాలు విశాలినీ, మరో ఆటో నిండా జనాన్నీ వెంటేసుకుని, బంతిపూల దండతో సహా వచ్చి చర్చి మైదానంలో ముందు వరసలో కూర్చుంది.

నాటకం మొదలైంది. సత్రం యజమాని వేషం వేసిన కొండబాబు, నిండు చూలాలైన మరియతో చోటు లేదు పొమ్మన్నాడు. అంతే, లక్ష్మణమ్మ లేచింది.

“నెలలు నిండిన పిల్లరా అది. చోటు నేదంటావేటి? నీకు అప్పసెల్లెళ్లు నేరేటి?”

కొండబాబు ఆవిడ దగ్గర చేపలు కొనేవాడే. ఆ నోటి సంగతి బాగా తెలుసు. గబుక్కున పక్కకి తప్పుకుని, ముందు గది ఖాళీయే, లోపలికొచ్చి పడుకోండమ్మా అనేశాడు. మరియ సంబరంగా లోపలికి నడిచింది. దానమ్మ పరుగున వచ్చి, ఆ పిల్ల రెక్క పుచ్చుకుని లాక్కెళ్లి పశువుల పాకలో కూలేసింది. జనం ఈలలు వేశారు. అనిత అత్త కొంగు పట్టుకుని కూర్చోబెట్టి, ఇది నాటకమత్తా అని చెవిలో మొత్తుకుంది. నాటకమైతే మాత్రం పురిటిమనిషిని గొడ్ల మధ్య పడుకోబెడతారా అని లక్ష్మణమ్మ ఊరందరికీ వినబడేలా అడిగింది.

తెర వెనక గంగులుకి చెమటలు పట్టేశాయి. చోటు లేదన్నవాడికే ఇంత జరిగితే, పసిపిల్లల్ని చంపమన్నవాడి గతేమిటి? రేపట్నుంచి ఒడ్డున తలెత్తుకు తిరగడం ఎలాగూ కల్ల. తెర సందులోంచి తొంగిచూస్తే, ఆ ముసల్ది ఒళ్లో దండ పెట్టుకుని ఎదురుచూస్తోంది. తన గురించి అమ్మ ఇంతలా మురిసిపోవడం వాడెప్పుడూ చూడలేదు. ఆ మొహం తన నోటి మాటతోనే మాడిపోబోతోంది.

తెర లేచింది. హేరోదు సింహాసనం మీద కూర్చున్నాడో లేదో, లక్ష్మణమ్మ స్టేజీ మెట్లెక్కి వచ్చేసింది. వీధినాటకాల్లో వేషగాడికి దండ వేసినట్టే కొడుకు మెడలో దండ వేసి, మెటికలు విరిచి, కిరీటం సర్ది, తాపీగా దిగిపోయింది. చేపలమ్మే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

గంగులు మొదలుపెట్టాడు. జ్ఞానులు తనను మోసం చేశారన్నాడు. తన రాజ్యానికి ముప్పొచ్చిందన్నాడు. అసలు మాట దగ్గరికొచ్చేసరికి, ముప్పొచ్చిందని ఇంకోసారి అన్నాడు. పక్కనుంచి దానమ్మ అందిస్తోంది. ఆవిడ చేతిలో మైకు ఆపడం మరిచిపోయింది కాబట్టి ‘చంపమనూ, చంపమనూ’ అని మైదానమంతా మోగింది.

గంగులు కళ్లు మూసుకున్నాడు.

“బేత్లెహేములో ఉన్న మగపిల్లలందర్నీ చంపేయండి.”

అట్ట కత్తులు పట్టుకున్న సైనికులిద్దరూ అడుగు కదపలేదు. కొండబాబుకి జరిగింది వాళ్లూ చూశారు మరి. ఇద్దరి చూపూ లక్ష్మణమ్మ మీదే ఉంది.

ఆవిడ నెమ్మదిగా లేచి, కొంగు నడుముకి బిగించింది. అనిత విశాలి చెవులు మూసింది. గంగులు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

“ఏట్రా, గుంజల్లాగ అలగ నిలబడిపోనారు?” అంది లక్ష్మణమ్మ సైనికులతో. “రాజు సెప్పినాడు కదా, ఎల్లి సంపండి.”